బంతి కుడికే పోతోంది

చిరంజీవి అల్లుడికి,

నువ్వు ఫోన్ ఎత్తవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరమైతే చింపేయాలన్నా ముందు విప్పాలి కదా. నీ చిరునామా గోల్ఫ్ సాధన చేసే మైదానంలో, అదే ఆ రేంజ్ ఆఫీసులో ఇచ్చారు. గోల్ఫ్ కర్రలు, అదే మీరనే క్లబ్బులు, బాగుచేసే దుకాణంలో చేరావనీ, ఇప్పుడు ఎవరికీ ఆట నేర్పడం లేదనీ చెప్పారు. అమ్మాయి పోయి పద్నాలుగు నెలలైంది. ఈ పద్నాలుగు నెలల్లో నువ్వూ నేనూ ఒక్క మాటైనా మాట్లాడుకోలేదు. ఆఖరిసారి నేను నీతో అన్న మాట గురించి ఈ ఉత్తరంలో రాయను. రాసే ధైర్యం లేదు.

అసలు విషయం వేరు. నేను గోల్ఫ్ మొదలుపెట్టాను. నవ్వుకో, ఫరవాలేదు. మీరిద్దరూ ఆదివారం పొద్దున్నే సంచులు భుజాన వేసుకుని బయల్దేరుతుంటే "గడ్డిలో గుడ్లు వెతుక్కునే ఆట" అని వెక్కిరించినవాణ్ణి నేనే. ఇప్పుడు అరవై రెండేళ్ళ వయసులో, బస్సు డిపోలో ముప్ఫై ఒక్క ఏళ్ళు బ్రేకులు బాగుచేసిన ఈ చేతులతో కర్ర పట్టుకుని రోజూ వంద బంతులు కొడుతున్నాను. కొడుతున్నానంటే కొడుతున్నట్టే, ఆ వందలో అరవై నన్నే కొడుతున్నాయి.

నా బంతి తిన్నగా బయల్దేరి, సగం దూరం పోయాక కుడికి తిరిగిపోతుంది. అది కుడికి పోతోంది కదా అని నేను ఎడమకి తిరిగి నిలబడ్డాను. ఇంకా ఎక్కువ కుడికి పోయింది. ఇంకాస్త ఎడమకి తిరిగాను. కంచె మీదికి పోయింది. రేంజ్‌లో నా పక్క చాపమీద నిలబడి ఒక పళ్ళ డాక్టరు ఆడతాడు. ఆయన బంతి ఎడమకి పోతుంది. "మీరిద్దరూ కలిసి ఒకే బంతిని కొడితే తిన్నగా పోతుందండీ," అంటాడు అక్కడి కాపలాదారు.

బస్సు ఒక పక్కకి లాగుతోందని డ్రైవరు వస్తే నేను స్టీరింగు జోలికి పోను. ముందు టైర్లలో గాలి చూస్తాను, తర్వాత బ్రేకు చూస్తాను. దీంట్లో దేంతో మొదలుపెట్టాలో తెలియడం లేదు. చెప్పగలిగినవాడివి నాకు తెలిసినంతలో నువ్వొక్కడివే. జవాబు రాయకపోయినా తప్పు పట్టను. రాస్తే సంతోషిస్తాను.

నీ మామయ్య.

* * *

మామయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. నేను నేర్పడం మానేసిన మాట నిజం. దీన్ని పాఠం అనుకోకండి. పెద్దవారు అడిగారు కాబట్టి జవాబు రాస్తున్నాను, అంతే.

బంతి కుడికి తిరిగిందంటే, తగిలే క్షణంలో క్లబ్ మొహం, అంటే కర్ర చివర బంతిని కొట్టే పలక, కుడివైపు తెరుచుకుని ఉందని అర్థం. ముందు చేతులు చూసుకోండి. పిడి పట్టుకున్నాక బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక గీత పడుతుంది. రెండు చేతుల గీతలూ మీ కుడి భుజం వైపు చూడాలి. మీవి గడ్డం వైపో, ఎడమ భుజం వైపో చూస్తూ ఉంటాయి. రెండు చేతుల్నీ కొద్దిగా కుడికి తిప్పి పట్టుకోండి. ముందు ఎబ్బెట్టుగానే ఉంటుంది. కొత్త చెప్పులు కరిచినట్టు కరుస్తుంది. అలాగే గట్టిగా పట్టుకోకండి. మీరు నట్లు బిగించిన మనిషి, పిసికేస్తూ ఉంటారు. మణికట్టు బిగిస్తే క్లబ్ మొహం మూసుకోవడానికి వీలుండదు.

ఇక ఎడమకి తిరిగి నిలబడటం వెంటనే మానండి. అందరూ చేసేదే అది. అలా నిలబడితే క్లబ్ బయటినుంచి లోపలికి బంతిని కోసుకుంటూ వస్తుంది, జబ్బు ముదురుతుంది. ఒక క్లబ్బును నేలమీద గురివైపుగా పడుకోబెట్టి, దాని వెంబడి పాదాలు పెట్టండి. బంతికి అవతలగా, నాలుగు వేళ్ళ దూరంలో ఒక ఖాళీ సబ్బు డబ్బా ఉంచండి. కిందికి వచ్చేటప్పుడు కుడి భుజం ముందుకు తోసుకొస్తే డబ్బా ఎగిరిపోతుంది. డబ్బా కదలకుండా బంతి మాత్రమే పోయిన రోజున మీ దారి బాగుపడినట్టు.

ఒకసారి ఒక్కటే మార్చండి. అన్నీ ఒకేసారి వద్దు.

నమస్కారాలతో,
మీ అల్లుడు.

* * *

చిరంజీవి అల్లుడికి,

తొమ్మిది సబ్బు డబ్బాలు చచ్చాయి. పదోది బతికింది.

నువ్వు చెప్పినట్టే గీతలు చూసుకున్నాను. రెండూ ఎడమ భుజం వైపు చూస్తున్నాయి. ఇన్ని మైళ్ళ దూరం నుంచి కళ్ళతో చూడకుండా ఎలా కనిపెట్టావయ్యా? డిపోలో నేను కూడా హారన్ మోతని బట్టి బ్యాటరీ సంగతి చెప్పేవాణ్ణి, కానీ అది వేరు. చేతులు మార్చడానికి మూడు రోజులు పట్టింది. ఎందుకంత పట్టిందో తర్వాతెప్పుడైనా చెప్తాను. నాలుగో రోజు ఒక బంతి తిన్నగా పోయింది. నిజంగా తిన్నగా. నూట ఇరవై గజాల బోర్డు పక్కన పడింది. నేను చుట్టూ చూశాను, ఎవరికి చెప్పాలో తెలియక. పళ్ళ డాక్టరు మాత్రం చూశాడు. "మీ అల్లుడు ఫీజు పెంచాలండీ," అన్నాడు.

ఇప్పుడు కొత్త తంటా వచ్చింది. బంతి కుడికి పోవడం తగ్గింది కానీ గాల్లోకి లేవడం లేదు. నెత్తిమీద మొట్టికాయ వేసినట్టు తగిలి నేలమీద దొర్లిపోతోంది. డాక్టరు పొద్దస్తమానం "తల ఎత్తుతున్నారు, తల దించండి" అంటాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను. అయినా తల దించి చూశాను. గడ్డం ఛాతీకి ఆనించి కొట్టాను. మెడ పట్టేసింది, బంతి దొర్లుతూనే ఉంది. కాపలాదారు ఒక చిట్కా చెప్పాడు, క్లబ్ మొహం మీద టాల్కం పౌడరు చల్లి కొట్టమని. బంతి తగిలినచోట పౌడరు పోతుంది కదా. గుర్తు ఎప్పుడూ కొస వైపే, అంచు దగ్గర కింద పడుతోంది. నడుము నొప్పి కూడా మొదలైంది. రాత్రి ఉడుకు నీళ్ళ సంచి పెట్టుకుంటేగానీ పొద్దున వంగలేకపోతున్నాను.

ఇంట్లో నిశ్శబ్దంగా ఉంటుంది. రేంజ్‌లో బంతుల చప్పుడు మంచిదే.

నీ మామయ్య.

* * *

మామయ్యగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పౌడరు గుర్తు గురించి రాసిన వాక్యం దగ్గర ఆగిపోయాను.

తల లేవడం జబ్బు కాదు, జబ్బు లక్షణం. ఒళ్ళు మొత్తం లేస్తోంది కాబట్టి తల కూడా లేస్తోంది. ఒళ్ళు ఎందుకు లేస్తుందంటే, మొదట్లోనే మరీ కిందికి వంగి నిలబడుతున్నారు. అంత వంగిన మనిషి వేగంగా తిరిగేటప్పుడు నిలదొక్కుకోవడానికి పైకి లేవక తప్పదు. నడుము నొప్పి కూడా అందుకే. ఇక, అంత ఎందుకు వంగుతున్నారు? మీరు ఆరడుగుల మనిషి. గుర్తు కొస వైపు పడిందంటే బంతి మీకు అందడం లేదు, మీరు దానికోసం చాచుకుంటున్నారు.

మీ స్వింగులో, కర్ర తిప్పే తీరులో, తప్పు లేదు, మామయ్యగారూ. మీ చేతిలో ఉన్న క్లబ్బులు మీవి కావు.

అవి రెండున్నర అంగుళాలు పొట్టి. ఆడవాళ్ళ క్లబ్బులు ఎలాగూ ఒక అంగుళం తక్కువగా వస్తాయి. మిగతా ఒకటిన్నర అంగుళం నేనే కోశాను, మా పెళ్ళయిన మొదటి నెలలో, మా వంటింట్లో, ఇనుప రంపంతో. "పిచ్చుకకి పిచ్చుక సైజు కర్రలు కావాలి" అని తను పక్కన నిలబడి నవ్వింది. పిచ్చుక అని మీరు పెట్టిన ముద్దుపేరే తను నా దగ్గర కూడా వాడుకునేది. ఆ కోసిన ముక్కలు పారేయనివ్వలేదు, వాటిని దారానికి గుచ్చి కుండీలో చిక్కుడు పందిరికి వేలాడదీసింది.

అవి రేంజ్‌లో తన లాకర్లోనే ఉన్నాయనుకున్నాను. నేనెప్పుడూ వెళ్ళి తీయలేదు. తీయలేకపోయాను.

మీరు మీ మొదటి ఉత్తరంలో రాయనన్న మాటని నేను రాస్తాను. ఆ రోజు మీ గుమ్మంలో, అందరి ముందూ, మీరు నాతో అన్నారు: "ముక్కూ మొహం తెలియనివాడి భుజం అంగుళం పక్కకి జరిగితే కనిపెడతావు. నీ పక్కన నడిచే మనిషి ఊపిరందక ఆగిపోతుంటే కనిపించలేదా?" ఆ తర్వాత నేను రేంజ్‌కి రెండుసార్లు వెళ్ళాను. నేర్చుకునేవాళ్ళ వెనక నిలబడి చూడటం మొదలుపెట్టగానే ఆ మాట వినిపించేది. మోకాలు చూడను, భుజం చూడను, ఆ మాటే వినేవాణ్ణి. అందుకే ఊరు వదిలాను. ఇక్కడ మనుషులు రారు, విరిగిన క్లబ్బులు వస్తాయి. పిడి మార్చి, అతికించి, ఇచ్చేస్తాను.

ఇది నిష్ఠూరంగా రాయడం లేదు. మీకు కోపం వచ్చే హక్కు ఉంది. కానీ ఒకటి అడుగుతున్నాను. ఇంత నడుము నొప్పి పెట్టుకుని తన క్లబ్బులతోనే ఎందుకు ఆడుతున్నారు?

మీ అల్లుడు.

* * *

నాయనా,

నీ ఉత్తరం అంది పన్నెండు రోజులైంది. ఈ పన్నెండు రోజులూ రేంజ్‌కి వెళ్ళలేదు. కాగితం ముందు కూర్చోవడం, లేవడం, ఇదే పని.

రేంజ్ వాళ్ళు ఫోన్ చేసి తన లాకర్ ఖాళీ చేయమన్నారు. వెళ్ళాను. సంచీ తెచ్చేద్దామనే వెళ్ళాను. అందులోంచి ఒక కర్ర తీసి పట్టుకుంటే, పిడి మీద తన ఎడమ బొటనవేలు ఆనిన చోట రబ్బరు అరిగి చిన్న గుంట పడి ఉంది. అందులో నా వేలు పెట్టాను. నా వేలు దానికి రెండింతలు, పట్టదు, అయినా పెట్టాను. పెట్టాక ఒక బంతి కొట్టాలనిపించింది. అలా మొదలైంది. నువ్వు చేతులు తిప్పి పట్టుకోమన్నప్పుడు మూడు రోజులు పట్టిందని రాశాను చూడు, అది చేతకాక కాదు. ఆ గుంటలోంచి వేలు తీయబుద్ధి కాలేదు.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. రాసి పోస్టు డబ్బాలో వేసేదాకా నా మీద నాకు నమ్మకం లేదు.

అప్పట్లో నువ్వు కోచ్ అర్హత పరీక్షకి సిద్ధమవుతున్నావు. రెండుసార్లు తప్పి మూడోసారి వెళ్తున్నావు. ఆ పరీక్షకి రెండు నెలల ముందు, ఒక బుధవారం మధ్యాహ్నం, అమ్మాయి నన్ను చూడటానికి వచ్చింది. నేను పైన వరండాలో ఉన్నాను. తను మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించింది, మధ్యలో ఆగిపోయింది. తొంగి చూస్తే మెట్టు మీద కూర్చుని ఉంది. పెదవులు నల్లబడ్డాయి.

"ఏమైందమ్మా?" అన్నాను.

"ఏం లేదు నాన్నా. మీ మెట్లు పెరిగినట్టున్నాయి."

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"ఓ నెల నుంచి. కాసేపు కూర్చుంటే పోతుందిలే."

"అల్లుడికి చెప్పావా?"

నా చెయ్యి పట్టుకుంది. "చెప్పను. నువ్వూ చెప్పకు. చెప్తే ఆయన కర్ర అక్కడే పడేసి నన్ను ఆసుపత్రుల చుట్టూ తిప్పుతాడు. ఇది మూడోసారి నాన్నా. ఈసారి కూడా తప్పితే ఆయన మళ్ళీ ఆ పరీక్ష మొహం చూడడు. పరీక్ష అయిన మర్నాడు నేనే వెళ్ళి చూపించుకుంటా. నోరు విప్పనని ఒట్టెయ్."

ఒట్టేశాను.

అల్లుడూ, డిపోలో నా సంతకం లేనిదే ఏ బస్సూ గేటు దాటేది కాదు. కింద ఎక్కడో సన్నగా గీసుకుంటున్న చప్పుడు వినిపిస్తే చాలు, డ్రైవరు ఎంత బతిమాలినా, లోపల ప్రయాణికులు ఎంత తిట్టినా, బండిని కిందినుంచి చూసే గుంట మీదికి తోయించేవాణ్ణి. అలాంటివాణ్ణి, నా బిడ్డ ఛాతీలో చప్పుడు విని గేటు తీసి పంపించాను. ఆ రెండు నెలల్లో తను ఇంకా నాలుగుసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ నేనే కిందికి దిగి, మెట్ల దగ్గర కుర్చీ వేసి మాట్లాడాను. చూశావా, మెట్లు ఎక్కనివ్వలేదు, అంటే నాకు తెలుసు. తెలిసి కుర్చీ వేశాను, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు.

నువ్వు పరీక్ష ఆఖరి రోజు ఆడుతుండగా, తను రేంజ్‌లో పడిపోయింది. గుండె కవాటం చెడిందన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. ముందే తెస్తే బతికేదేమో అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నా మొహం వంక చూశాడు. నువ్వు సాయంత్రానికి వచ్చావు. నా గుమ్మంలో నిన్ను చూడగానే ఆ 'ముందే' అన్న మాట నాలోంచి లేచి నీ మీద పడింది. నాకు తగలాల్సిన రాయి అది. నీ మీదికి విసిరి, తేలు కుట్టిన దొంగలా పద్నాలుగు నెలలు కూర్చున్నాను.

నువ్వు గుడ్డివాడివి కాదు. తను నీకు కనపడకుండా దాచింది, నేను దాచడానికి సాయపడ్డాను. ఇది నలుగురిలో కూడా చెప్తాను, ఎవరెవరు ఆ రోజు విన్నారో వాళ్ళందరికీ చెప్తాను. నన్ను క్షమించమని నిన్ను అడగడం లేదు. తిరిగి పాఠాలు చెప్పుకో. ఎవరి వెనకైనా నిలబడినప్పుడు నా మాట వినిపిస్తే, అది అబద్ధమని తెలిసి ఉండాలి నీకు.

తప్పు చేసిన ముసలివాడు,
నీ మామయ్య.

* * *

మామయ్యగారికి,

ఉత్తరం దుకాణం వెనక గదిలో చదివాను. చదివి, ఆ పూట పని ఆపేశాను. యజమాని ఏమైందని అడిగాడు. ఇంట్లో పెద్దాయనకి ఒంట్లో బాగాలేదని చెప్పాను. నిజానికి అంతకంటే దగ్గరి మాట తోచలేదు.

మీరు మీ సంగతి చెప్పారు. ఇక నాది వినండి. మధ్యలో ఆపకుండా చివరిదాకా చదవండి.

పరీక్షకి మూడు వారాల ముందు, సాయంత్రం, రేంజ్‌లో నేను సాధన చేస్తున్నాను. తను పక్క చాప మీద ఆడుతోంది. మామూలుగా ఒక బుట్ట బంతులు అయ్యేదాకా ఆగేది కాదు. ఆ రోజు ఏడు కొట్టి బల్లమీద కూర్చుంది. అంతకుముందు రోజు తొమ్మిది. ఆ ముందు రోజు పన్నెండు. లెక్క నాకు తెలుసు, ఎందుకంటే నేను చూస్తూనే ఉన్నాను. ఏడో బంతికి తన ఎడమ భుజం పూర్తిగా తిరగడం లేదు, ఊపిరి మధ్యలో తెగిపోతోంది. నేను క్లబ్ కింద పెట్టి వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నీకు ఊపిరి అందడం లేదు," అన్నాను.

"అవును," అంది. అంతే, దాచలేదు.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"పరీక్ష అయ్యాక వెళ్దాం. మూడు వారాలే కదా. నాన్నకి మాత్రం చెప్పకు, ఆయన ఈ పూటే నన్ను బస్సెక్కించి లాక్కెళ్తాడు. ఒట్టెయ్."

నేను "సరే" అన్నాను.

ఆ "సరే" అన్నప్పుడు నాలో ఏం జరిగిందో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నాకు భయం వేయలేదు, మామయ్యగారూ. ఊరట కలిగింది. హమ్మయ్య, పరీక్ష వదులుకోనక్కర్లేదు అనిపించింది. లేచి వెళ్ళి ఇంకో బుట్ట బంతులు కొట్టాను. ఆ సాయంత్రం చాలా బాగా కొట్టాను కూడా.

మీరు గుమ్మంలో నన్ను గుడ్డివాడన్నారు. నేను ఎదురు చెప్పలేదు. అందరూ అది నా మంచితనం అనుకున్నారు, బాధ అనుకున్నారు. అది రెండూ కాదు. చూడలేదన్నది, చూసి ఊరుకున్నాడన్నదానికంటే చిన్న నేరం. మీరు నాకు చిన్న నేరం అంటగట్టారు, నేను దాన్ని కప్పుకుని ఊరు దాటేశాను. ఎవరి వెనక నిలబడినా మీ మాట వినిపించేదని రాశాను. అది సగమే నిజం. మీ మాట తర్వాత, "కనిపించింది" అని నా గొంతు కూడా వినిపించేది.

పరీక్ష పాసయ్యాను. ఆ కాగితం ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు.

ఇద్దరి దగ్గరా తను ఒకే ఒట్టు తీసుకుంది. నాకు చెప్తే నేను ఆట మానేస్తానని మిమ్మల్ని ఆపింది. మీకు చెప్తే మీరు లాక్కెళ్తారని నన్ను ఆపింది. నిజానికి మన ఇద్దరిలో ఎవరూ అంత పని చేసేవాళ్ళం కాదు, చేయలేదు కదా. తను మన గురించి మనకంటే గొప్పగా అనుకుంది. ఒక్క ఆదివారం మీరూ నేనూ ఎదురెదురుగా కూర్చుని నోరు జారినా సరిపోయేది. ఇద్దరం మాట తప్పని మనుషులమైపోయాం.

నిన్నటిదాకా మిమ్మల్ని క్షమించాలా వద్దా అని ఆలోచించిన క్షణం ఒకటి కూడా లేదు. మీరే నన్ను క్షమించాల్సినవారు అనుకుంటూ బతికాను. ఇప్పుడు చూస్తే ఎవరు ఎవర్ని క్షమించాలో తేలడం లేదు. తేలకపోయినా ఫరవాలేదనిపిస్తోంది. నలుగురిలో ఏమీ చెప్పకండి. చెప్పాల్సింది ఏదైనా ఉంటే ఇద్దరం కలిసి చెప్దాం.

గురువారం మధ్యాహ్నం బండికి వస్తున్నాను. దుకాణంలో సెలవు అడగలేదు, మానేస్తున్నానని చెప్పాను. రేంజ్ వాళ్ళకి కూడా ఉత్తరం రాశాను, మళ్ళీ నేర్పుతానని. మీ ఎత్తుకి తగిన క్లబ్బులు నాలుగు కట్టి తెస్తున్నాను. మణికట్టు నుంచి నేలదాకా మీ కొలత నాకు తెలుసు, పెళ్ళిలో మీ పక్కన నిలబడ్డప్పుడే కంటికి పట్టింది.

కానీ వచ్చిన రోజు ఆట వద్దు. తను మెట్టు మీద కూర్చుని మీతో ఇంకా ఏమేం మాట్లాడిందో, మీరు కుర్చీ వేసిన ఆ నాలుగు రోజులూ ఏమేం కబుర్లు చెప్పిందో నాకు తెలియదు. బల్లమీద, వంటింట్లో, దారిలో నాతో ఏమందో మీకు తెలియదు. తన ఆఖరి రెండు నెలలు సగం మీ దగ్గరున్నాయి, సగం నా దగ్గరున్నాయి. ముందు కూర్చుని అవి చెప్పుకుందాం.

మీ అల్లుడు.